ఇంజిన్ బోల్టులు కరెక్టుగా బిగించేది ఎట్ల: హెడ్డు నుంచి డ్రెయిన్ బోల్టు దాకా

"అన్నా, హెడ్డు బోల్టులు ఎన్ని కేజీలు బిగించాలి?" అని అడగని వాళ్ళు లేరు. (హెడ్డు అంటే ఇంజిన్ సిలిండర్ల పైన మూత మాదిరి కూర్చునే భాగం.) అనంతపురంలో అడుగుతారు, తాడిపత్రి నుంచి ఫోన్ చేసి అడుగుతారు, డోన్ దగ్గర రోడ్డు మీద బండి ఆపుకోని అడుగుతారు. అందరికీ నంబరు కావాల, అది చెప్పేస్తే పని అయిపోయినట్టే అనుకుంటారు. నంబరు మీ బండి సర్వీస్ మాన్యువల్ లో ఉంటాది, దాంట్లో ఏం రహస్యం లేదు. కానీ అదే నంబరుకి బిగించినా ఒకరి బండి ఏండ్ల తరబడి తిరుగుతాది, ఇంకొకరిది వారం తిరక్కుండానే తెల్ల పొగ కొట్టుకుంటా మళ్ళీ షెడ్డుకొస్తాది. బోల్టు మర (చుట్లు చుట్లుగా ఉండే థ్రెడ్) ఎట్ల ఉండాది, ఏ వరుసలో బిగించినారు, ఎన్ని విడతల్లో బిగించినారు, తేడా అంతా ఈడనే ఉండాది. అందుకే మొత్తం ఒక్కచోట రాస్తాండాను, ఎక్కువ హెడ్డు గురించే, ఎందుకంటే డబ్బులు పోయేది ఆడనే.

థియరీ రెండు ముక్కల్లో చెప్పి వదిలేస్తా. బోల్టు బిగిస్తే అది కొంచెం సాగుతాది, సాగింది వెనక్కి లాక్కోవాలని చూస్తాది, ఆ లాగుడే హెడ్డుని బ్లాక్ (సిలిండర్లు ఉండే ఇంజిన్ ఒళ్ళు) మీద నొక్కి పెడుతుంది. మీరు పానా మీద పెట్టే బలంలో సుమారు 10 శాతమే ఈ సాగుడికి పోతాది, దగ్గర దగ్గర 50 శాతం బోల్టు తల కింద రాపిడికి, 40 శాతం మరల రాపిడికి పోతాది. అంటే మరలో తుప్పు, మట్టి ఉంటే ఉన్న ఆ 10 శాతం కూడా అదే తినేస్తాది, టార్క్ రెంచ్ (మనం పెట్టిన నంబరు రాగానే క్లిక్ అనే పానా) మాత్రం "క్లిక్" అని కొట్టేస్తాది, మీరు బిగిసింది అనుకుంటారు. అట్లనే పొడిగా బిగించాల్సిన బోల్టుకి నూనె పూసినారనుకోండి, రాపిడి తగ్గి అదే నంబరుకి బోల్టు ఎక్కువ సాగిపోతాది.

ఏమేం కావాల

- మీ బండి మోడల్, ఇంజిన్ కి సంబంధించిన సర్వీస్ మాన్యువల్. పెట్రోల్ ది చూసి డీజిల్ కి బిగించొద్దు, పేరు ఒకటే అయినా ఇంజిన్ వేరు.
- టార్క్ రెంచ్ లు రెండు. చిన్నది 5 నుంచి 25 న్యూటన్ మీటర్ల (తిప్పే బలం కొలిచే లెక్క) వరకు, పెద్దది 40 నుంచి 200 వరకు ఉంటే ఇంజిన్ పనులు చానా వరకు అయిపోతాయి. ఒక్కటే పెద్దది కొని దాంతోనే చిన్న బోల్టులు బిగించేవాళ్ళు ఉన్నారు, అది పనికిరాదు. క్లిక్ రెంచ్ ఏదైనా దాని గరిష్ఠంలో 20 శాతం కన్నా కింద నమ్మకంగా పనిచేయదు, 200 దాంతో 10 కి బిగించాలని చూస్తే క్లిక్ వినపడే లోపు బోల్టు తెగిపోతాది.
- డిగ్రీల గేజి (బోల్టు ఎంత తిరిగిందో చూపించేది). లేకపోతే పెయింట్ మార్కర్.
- ఆరు మూలల సాకెట్లు. పన్నెండు మూలలవి అరిగుంటే బోల్టు తల గుండ్రంగా అయిపోతాది. (కొన్ని బండ్లకి హెడ్డు బోల్టే స్టార్ తల, దానికి తగ్గ బిట్టు తెచ్చుకోండి.)
- ఇత్తడి బ్రష్, కాటన్ వేస్ట్, బ్రేక్ క్లీనర్ లేదా పెట్రోల్, ఎయిర్ (కంప్రెసర్ గాలి), కండ్లకి అద్దాలు.
- స్టీల్ స్ట్రెయిట్ ఎడ్జ్ (వంకర లేని స్టీల్ పట్టీ), ఫీలర్ గేజి (సందు కొలిచే పల్చని రేకులు), వెర్నియర్ (పొడుగు, మందం కొలిచేది).
- కొత్త గాస్కెట్ (హెడ్డుకీ బ్లాక్ కీ మధ్య లీక్ కాకుండా వేసే పొర), మాన్యువల్ చెప్తే కొత్త బోల్టుల సెట్టు.

కేజీల లెక్క గురించి ఒక మాట. పాత మేస్త్రీలు "ఏడు కేజీలు" అంటే కేజీ మీటర్లు అని. దాన్ని 9.8 తో గుణిస్తే న్యూటన్ మీటర్లు వస్తాయి, ఏడు అంటే సుమారు 69. రెంచ్ మీద ఇంకో పక్క ఫుట్ పౌండ్ల స్కేలు ఉంటాది, 1 ఫుట్ పౌండ్ అంటే 1.36 న్యూటన్ మీటర్లు. మాన్యువల్ లో 50 న్యూటన్ మీటర్లు ఉంటే, మీరు తప్పు పక్క చూసి 50 పెట్టుకుంటే 68 కి బిగిస్తాండారన్నమాట. అల్యూమినియం మరలు ఊడొచ్చేది ఇట్లనే. రెంచ్ చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ ఏ స్కేలు చూస్తాండామో చూసుకోండి.

ఇంగ పని

1. ఇంజిన్ పూర్తిగా చల్లారనివ్వండి, విప్పేదానికి కూడా వరుస ఉంది. మన ఎండాకాలంలో మధ్యాహ్నం ఆపిన బండి సాయంత్రానికి కూడా లోపల వేడిగానే ఉంటాది. రాత్రి పెట్టేసి పొద్దున మొదలుపెట్టండి. బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి, కూలెంట్, ఆయిల్ దించండి, టైమింగ్ మార్కులు (బెల్టు గానీ చైను గానీ మళ్ళీ సరిగ్గా కూర్చోబెట్టేదానికి ఉండే గుర్తులు) ఫొటో తీసుకోండి. విప్పేటప్పుడు చివర్ల నుంచి మధ్యకి రావాల, ఒక్కొక్కటి అర చుట్టు అర చుట్టు వదులు చేసుకుంటా రావాల. మధ్య బోల్టు ముందు పూర్తిగా తీసేస్తే హెడ్డు వంగే అవకాశం ఉంటాది. వేడి మీద విప్పినా అంతే. ఒక అట్ట ముక్క మీద హెడ్డు బొమ్మ గీసి, బొక్కలు పెట్టి, ఏ బోల్టు యాడ నుంచి తీసినారో ఆడే గుచ్చి పెట్టుకోండి. కొన్ని ఇంజిన్లలో పొడుగు బోల్టులు, పొట్టి బోల్టులు కలిసుంటాయి, పొట్టి దాని చోట పొడుగుది పడితే అడుగుకి తగిలి ఆగిపోతాది, రెంచ్ క్లిక్ అంటాది, హెడ్డు మాత్రం వదులుగానే ఉంటాది.

2. బోల్టులు ఒక్కొక్కటీ చేతిలో పట్టుకోని చూడండి. మాన్యువల్ లో "ఇన్ని న్యూటన్ మీటర్లు, ఆ తర్వాత 90 డిగ్రీలు, మళ్ళీ 90 డిగ్రీలు" అని రాసుంటే అవి దాదాపుగా సాగిపోయే రకం బోల్టులే. వాటిని వెనక్కి రాని హద్దు దాకా సాగదీసి వదుల్తారు. ఒకసారి సాగింది మళ్ళీ వాడితే తెగుతాది, లేకపోతే పట్టు చాలదు. చానా కంపెనీలు కొత్తవే వేయమంటాయి, కొన్ని మాత్రం పొడుగు ఇంత దాటకపోతే వాడుకోవచ్చు అని కొలత ఇస్తాయి, అప్పుడు వెర్నియర్ తో కొలిచి చూడండి. చేత్తో తెలుసుకునే పద్ధతి ఒకటుంది: సరైన సైజు కొత్త నట్టు తీసుకోని బోల్టు మర మొత్తం వేళ్ళతో తిప్పుకుంటా పోండి. మధ్యలో ఒకచోట పట్టేస్తే ఆడ మర సాగింది, పారేయండి. మరకి పైన మెడ సన్నబడినట్టు కనపడినా పారేయండి. "బాగానే ఉంది కదన్నా" అంటారు, ఒక సెట్టు బోల్టుల ఖర్చు హెడ్డు పని కూలీలో ఏపాటి?

3. బోల్టు బొక్కలు శుభ్రం చేయండి. తొందరపడి వదిలేసేది దీన్నే, బండి మళ్ళీ వచ్చేది దీనివల్లనే. మన పక్క బోరు నీళ్ళు రేడియేటర్ లో పోసుకుంటా తిరిగిన బండ్లు ఎన్నో. ఆ ఉప్పు నీళ్ళకి లోపల తెల్లగా పొక్కు కట్టుకుంటాది, తుప్పు పడుతుంది, రేడియేటర్ సగం మూసుకుపోయి బండి వేడెక్కి గాస్కెట్ పోతాది. హెడ్డు ఎత్తినాక అదే తుప్పు, అదే పొక్కు నీళ్ళతో కలిసి బోల్టు బొక్కల్లోకి జారుతాది.

అడుగు మూసుకున్న బొక్కలో నూనె గానీ కూలెంట్ గానీ ఉండిపోయినప్పుడు బోల్టు దింపితే ఆ ద్రవానికి పోయే దారి ఉండదు, ద్రవం నలగదు, బలమంతా బ్లాక్ గోడ మీద పడుతుంది. బ్లాక్ పగిలిపోతాది. పైకి ఏం తెలీదు, రెంచ్ మామూలుగానే క్లిక్ అంటాది. ఇది భయపెట్టేదానికి చెప్పేది కాదు, నిజంగా జరిగేదే, జరిగితే బ్లాకే మార్చాల.

చేసేది ఇది: బొక్కలో బ్రేక్ క్లీనర్ కొట్టి, పాత బోల్టుకి పొడుగునా రెండు మూడు గాళ్ళు కోసి (లేత్ షాపులో గానీ హ్యాక్సా బ్లేడ్ తో గానీ) దాన్ని చేత్తో లోపలికీ బయటికీ తిప్పండి, మురికి ఆ గాళ్ళలో చేరి బయటికొస్తాది. థ్రెడ్ చేజర్ (మర కోయకుండా శుభ్రం మాత్రం చేసే పనిముట్టు) దొరికితే ఇంకా మంచిది. కొత్త మర కోసే ట్యాప్ వేయొద్దు, అది మంచి లోహాన్ని కూడా గీసేసి మర వదులు చేస్తాది. తర్వాత బొక్క మీద గుడ్డ కప్పి ఎయిర్ కొట్టండి, అద్దాలు పెట్టుకోండి, ఆ చెత్తంతా నేరుగా కంట్లోకి ఎగురుతాది. చివర్లో సన్నని కడ్డీకి పొడి గుడ్డ చుట్టి అడుగు దాకా పెట్టి తీయండి. గుడ్డ తడిగా వస్తే మళ్ళీ ఎయిర్. పొడిగా వచ్చేదాకా తర్వాత పనికి పోవద్దు.

4. మట్టం చూడండి. హెడ్డు మీద స్ట్రెయిట్ ఎడ్జ్ ని పొడుగునా, అడ్డంగా, రెండు మూలలకీ ఏటవాలుగా పెట్టి ఫీలర్ గేజి దూర్చండి. హద్దు ఎంతో మాన్యువల్ లో ఉంటాది, చానా చిన్న కార్లకి 0.05 మిల్లీమీటర్ల దగ్గర ఉంటాది. బ్లాక్ పైన కూడా ఇదే. కొందరు పాలిష్ కడప బండ మీదనో, బేతంచెర్ల బండ మీదనో హెడ్డు పెట్టి ఊగలేదు కాబట్టి చదునే అంటారు. ఆ బండ ఇంటి నేలకి బ్రహ్మాండంగా ఉంటాది, వెంట్రుకలో సగం తేడా పట్టుకునేదానికి పనికిరాదు. వంకర హెడ్డుని బోల్టులతో సాగదీసి కూర్చోబెట్టాలని మాత్రం చూడొద్దు, ఫేసింగ్ కి (మిషన్ మీద చదును చేసేదానికి) ఇచ్చేయండి.

5. నూనెనా, పొడినా? మాన్యువల్ ఏం చెప్తే అదే. చానా హెడ్డు బోల్టులకి మరల మీద, తల కింద, వాషరు మీద పల్చగా ఇంజిన్ ఆయిల్ పూయమంటారు. పల్చగా అంటే వేలితో రాసి తుడిచేస్తే మిగిలేంత, ముంచి తీయొద్దు, కారితే మళ్ళీ బొక్కలో చేరుతాది. లోక్టైట్ (మర వదులు కాకుండా పూసే జిగురు) లాంటివి పూసినా తడిగా ఉన్నంతసేపు అది కూడా నూనె లాగే జారుతాది, అందుకే మాన్యువల్ చెప్పని చోట పూయొద్దు. గ్రీజు, కాపర్ పేస్టు "మంచిదే కదా" అని సొంతంగా వేయొద్దు. గాస్కెట్ పోయిన భయంతో మెటల్ గాస్కెట్ కి రెండు పక్కలా సిలికాన్ పూసేవాళ్ళు కూడా ఉన్నారు, కంపెనీ చెప్పిన మూలల్లో తప్ప ఇంకెక్కడా వద్దు.

6. అన్ని బోల్టులూ ముందు వేళ్ళతోనే ఎక్కించండి. పానా, గన్ ఏదీ ముట్టుకోవద్దు. బోల్టుని ముందు కొంచెం ఎదురు దిక్కుకి తిప్పితే మర కొసలో "టిక్" అని చిన్నగా దిగినట్టు వేళ్ళకి తెలుస్తాది, అప్పుడు బిగించే దిక్కుకి తిప్పండి, అడ్డమర పడదు. వేళ్ళతో కనీసం నాలుగైదు చుట్లు దిగకపోతే ఏదో తేడా ఉంది, తీసి చూడండి. ఎయిర్ గన్ విప్పేదానికి సరే, హెడ్డు బిగించేదానికి ఎప్పుడూ వద్దు.

7. వరుస. మధ్యలో మొదలుపెట్టి బయటికి, ఒకటి ఇటు ఒకటి అటు, సుడి తిరిగినట్టు పోవాల. మంచానికి నవారు ఒకే పక్క గట్టిగా లాగేస్తే మంచం ఎట్ల వంకర పోతాదో ఇదీ అంతే. మీ ఇంజిన్ వరుస మాన్యువల్ లో నంబర్లతో ఉంటాది, హెడ్డు మీదే పెయింట్ మార్కర్ తో 1, 2, 3 అని రాసేసుకోండి, మధ్యలో ఫోన్ వచ్చినా, ఎవరన్నా పలకరించినా వరుస తప్పరు.

8. విడతలు, క్లిక్. ఉదాహరణకి చివరి నంబరు 60 అయితే మొదటి విడత అన్నీ 20 కి, రెండో విడత అన్నీ 40 కి, మూడోది 60 కి. ఒక విడత మొత్తం అయినాకనే ఇంకో విడత.

రెంచ్ పిడి మధ్యలో పట్టుకోని ఒకే తీరుగా మెల్లగా లాగండి. కుదుపు వద్దు. ఒక చెయ్యి రెంచ్ తల మీద పెట్టుకుంటే సాకెట్ వాలదు. క్లిక్ ఒక్కసారి వినపడగానే ఆపేయండి. "ఇంకోసారి, గ్యారంటీకి" అని రెండోసారి మూడోసారి క్లిక్ కొట్టిస్తారే, ప్రతి క్లిక్ కీ బోల్టు ఇంకొంచెం తిరుగుతాది, అది గ్యారంటీ కాదు. చిన్న నంబర్ల దగ్గర క్లిక్ చెవికి వినపడదు, చేతికి తగుల్తాది, పక్కన కంప్రెసర్ మోగుతాంటే ఆపేసి చేయండి.

క్లిక్ రాకముందే మధ్యలో ఆగి మళ్ళీ లాగితే, ఆగిన బోల్టుని కదిలించేదానికి ఎక్కువ బలం కావాల, దాంతో బోల్టు తిరక్కుండానే క్లిక్ వచ్చేస్తాది. చోటు లేక ఆగాల్సి వస్తే చివరి లాగుడైనా కనీసం కొంచెం తిరిగేటట్టు చూసుకోండి, డౌట్ వస్తే ఆ ఒక్క బోల్టు వదులు చేసి మళ్ళీ బిగించండి.

బిగించేటప్పుడు "కిర్ర్" అని మూలుగుతా కుదుపుల్లో తిరుగుతాంటే మర గానీ తల కింద గానీ పొడిగా, మురికిగా ఉందని అర్థం, తీసి తుడిచి మళ్ళీ వేయండి. ఇంకోటి, బోల్టు తిరుగుతానే ఉంది, చేతికి బరువు మాత్రం పెరగట్లేదు, మెత్తగా పోతాంది అనిపిస్తే వెంటనే ఆపేయండి. మరైనా ఊడుతాంది, బోల్టైనా తెగబోతాంది. క్లిక్ కోసం ఎదురు చూడొద్దు, అది రాదు.

9. డిగ్రీలు. మాన్యువల్ డిగ్రీలు అడిగితే ఇప్పుడు టార్క్ రెంచ్ పక్కన పెట్టి పొడుగు పిడి పానా తీసుకోండి. గేజి లేకపోతే ప్రతి బోల్టు తల మీదా ఒకే దిక్కుకి, అంటే అన్నీ బండి ముందు పక్కకి చూసేటట్టు, తెల్ల చుక్క పెట్టండి. 90 డిగ్రీలు అంటే పావు చుట్టు, ముందుకు చూసే చుక్క పక్కకి తిరగాల. ఆరు మూలల బోల్టు తలకి ఒక మూల నుంచి ఇంకో మూలకి 60 డిగ్రీలు, కాబట్టి 90 అంటే మూలన్నర. ఇదీ విడతలే, అన్నిటికీ మొదటి 90, అయినాక అన్నిటికీ రెండో 90. ఒకే బోల్టుకి ఒకేసారి 180 తిప్పొద్దు. ఈ దశలో చానా బలం పడుతుంది, భయపడి సగంలో ఆపేసేవాళ్ళు చానామంది, కొత్త బోల్టు, శుభ్రమైన మర అయితే ధైర్యంగా తిప్పండి.

10. చెక్ చేసేది. చుక్కలు చూడండి, అన్నీ ఒకే దిక్కుకి ఉండాల. ఒక్కటి వేరే పక్క చూస్తాంటే దాని విడత మర్చిపోయినారు. డిగ్రీలు లేని బోల్టులకి బిగించింది బిగించినట్టు మార్కర్ తో తల నుంచి హెడ్డు మీదకి గీత పెట్టుకుంటా పోండి, గీత లేనిది బిగించనిది. రెంచ్ పెట్టి అన్నీ మళ్ళీ క్లిక్ కొట్టి చూడడం చెకింగ్ కాదు, బిగువు తక్కువున్న బోల్టు కూడా ఆడ క్లిక్ అనేస్తాది. డిగ్రీల బోల్టులని అయితే మళ్ళీ అసలు ముట్టుకోవద్దు.

కూలెంట్ పోసి స్టార్ట్ చేసినాక చూసేవి వేరే. చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేయండి, గాలి పోయినాక కూడా బుడగలు ఆగకుండా వస్తాంటే గాస్కెట్ పట్టలేదు. (వేడి మీద మూత ముట్టుకోవద్దు, మొఖం కాలిపోతాది.) డిప్ స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపినట్టు ఉందా, పొగ గొట్టం నుంచి తియ్యటి వాసనతో తెల్ల పొగ వస్తాందా చూడండి. రెండు మూడు రోజులు పొద్దున్నే కూలెంట్ మట్టం చూడండి, మొదట్లో కొంచెం దిగితే గాలి పోయి దిగింది, రోజూ దిగుతాంటే అనుమానించాల. పోసేది కూలెంటే పోయండి, కలిపేది డిస్టిల్డ్ వాటర్, బోరు నీళ్ళు కాదు.

500 కిలోమీటర్ల తర్వాత మళ్ళీ బిగించాలా అని అడుగుతారు. పాత డీజిల్ ఇంజిన్లకి, కొన్ని ట్రాక్టర్లకి మాన్యువల్ లోనే ఉంటాది, వాటికి చేయాల. ఇప్పటి మెటల్ పొరల గాస్కెట్లకి, సాగే బోల్టులకి అవసరం లేదు.

మిగతా బోల్టులు, టూకీగా

ట్యాపెట్ కవర్ (హెడ్డు పైన మూత) బోల్టులు ఎక్కువగా ఎం6 (అంటే 6 మిల్లీమీటర్ల మర), 10 న్యూటన్ మీటర్లు లేదా ఇంకా తక్కువ. ఆయిల్ లీక్ అవుతాందని వీటిని గట్టిగా బిగిస్తే రబ్బరు నలిగి ఇంకా లీక్ అవుతాది, రబ్బరు మార్చండి.

స్పార్క్ ప్లగ్ చల్లని ఇంజిన్ లోనే. వాషరు ఉన్న కొత్త ప్లగ్ కి రెంచ్ లేకపోతే, వేళ్ళతో కూర్చునేదాకా తిప్పి ఆ తర్వాత అర చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు. వాషరు లేని కోను రకానికి పదహారో వంతు చుట్టు చాలు.

డ్రెయిన్ బోల్టు (అడుగున ఆయిల్ దించేది) చానా కార్లకి 30 నుంచి 40 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటాది, వాషరు ప్రతిసారీ కొత్తది. కింద దూరేటప్పుడు స్టాండ్లు పెట్టండి, జాకీ మీద నమ్మకం పెట్టుకోని గానీ రాళ్ళు పేర్చి గానీ బండి కిందకి పోవద్దు.

బ్రాకెట్లు, కవర్ల లాంటి మామూలు ఉక్కు బోల్టులకి మాన్యువల్ దొరక్కపోతే, తల మీద 8.8 అని (బోల్టు గట్టిదనం గ్రేడు) ఉండి పొడిగా ఉన్నదానికి, న్యూటన్ మీటర్లలో ఎం6 కి 10, ఎం8 కి 25, ఎం10 కి 49, ఎం12 కి 85 అని ఒక అంచనా. అల్యూమినియంలోకి దిగే బోల్టుకి ఇంకా తగ్గించాల. హెడ్డు, కనెక్టింగ్ రాడ్, మెయిన్ బేరింగ్ బోల్టులకి ఈ అంచనా వాడొద్దు, మాన్యువల్ దొరికేదాకా ఆగండి.

రెంచ్ విషయం

సాకెట్ కి నిలువుగా ఎక్స్ టెన్షన్ వేస్తే నంబరు మారదు. కానీ రెంచ్ పొడుగుకి జోడించినట్టు ముందుకు పొడిగిస్తే మారుతాది. రెంచ్ 400 మిల్లీమీటర్లు, ముందు ముక్క 50, కావాల్సింది 60 అయితే, 60 ని 400 తో గుణించి 450 తో భాగించాల, 53 పెట్టుకోవాల. అదే ముక్కని రెంచ్ కి లంబంగా పక్కకి పెడితే ఈ లెక్కే అవసరం లేదు. పిడికి పైపు తగిలించొద్దు.

టార్క్ రెంచ్ తో బోల్టులు విప్పొద్దు. పని అయినాక స్కేలుని దాని కనిష్ఠ నంబరుకి దించి పెట్టెలో పెట్టండి, 60 మీదే వదిలేస్తే లోపల స్ప్రింగు నొక్కుకోనే ఉండి లెక్క తప్పుతాది, ఆ కనిష్ఠం కన్నా కిందకి కూడా విప్పొద్దు. కింద పడిందంటే మళ్ళీ క్యాలిబ్రేషన్ (లెక్క సరిగ్గా ఉందో లేదో చూసి సరిచేసేది) చేయించాల్సిందే, పడకపోయినా రోజూ వాడే షెడ్డులో ఏడాదికి ఒకసారి లేదా 5000 క్లిక్కులకి ఒకసారి చేయించాల.

బోల్టు తెగితే

పైకి కొంచెం కనపడుతుంటే నూనె కొట్టి ఒక రాత్రి వదిలి, పొద్దున గ్రిప్ ప్లైయర్ తో ముందుకీ వెనక్కీ కొద్దికొద్దిగా ఆడించండి. లోపలే తెగితే సరిగ్గా నడి మధ్యలో పంచ్ కొట్టి, ఎడమ చేతి డ్రిల్ బిట్ తో (ఎదురు దిక్కుకి తిరిగి కోసేది) మెల్లగా వేయండి, చానాసార్లు ఆ బిట్టుకే చిక్కి తిరుక్కుంటా బయటికొస్తాది. ఈజీ అవుట్ (తెగిన బోల్టులో బొక్క వేసి దాంట్లో దింపి బయటికి తిప్పే పనిముట్టు) గట్టిగా తిప్పి లోపల విరగ్గొట్టుకుంటే మాత్రం డ్రిల్ కూడా ఎక్కదు, ఆడికి పోకముందే లేత్ షాపుకి ఇవ్వండి. మర ఊడిన అల్యూమినియం బొక్కకి హెలికాయిల్ (కొత్త మర లాగా లోపల వేసే స్టీల్ స్ప్రింగు చుట్ట) వేయిస్తే మళ్ళీ మాన్యువల్ నంబరుకే బిగించుకోవచ్చు, కానీ హెడ్డు బోల్టు బొక్కకి అయితే లోతు, నిలువు తప్పకుండా మిషన్ మీద పెట్టి వేసే వాళ్ళకే ఇవ్వండి, చేతి డ్రిల్ తో వద్దు.